ఎర్లీ డెసిషన్ ఎక్కడ పెట్టాలి? అప్లికేషన్‌లో ఆర్థిక సాయం గడి టిక్ చేయొద్దంటున్నారు, నిజమేనా?

నాగోల్ నాన్న:

అందరికీ నమస్తే. మా అమ్మాయి ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, సిటీలోనే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ. ఫస్టియర్‌లో 470కి 458. అమెరికా డిగ్రీ కాలేజీల ప్రవేశ పరీక్ష శాట్‌లో 1520. కంప్యూటర్ సైన్స్ చదవాలని ఉంది, ఎకనామిక్స్ అన్నా ఇష్టమే. బీటెక్ తర్వాత ఎంఎస్‌కు కాదు, డిగ్రీకే అమెరికా వెళ్లాలని పట్టు.

మా లెక్క దాచకుండా చెబుతున్నా. ఇద్దరి జీతాలు కలిపి ఏటా 32 లక్షలు, పన్నుకు ముందు. ఇంటి లోన్ ఈఎంఐ 42 వేలు. జీతంలోంచి ఏటా 15 లక్షలు చదువుకు తీయగలం. ఎఫ్‌డీలు, పొదుపు కలిపి 25 లక్షలు, అందులో 6 లక్షలు పాప పేరున సుకన్య సమృద్ధిలో. ఘట్‌కేసర్ దగ్గర ఒక ప్లాటు, ఇప్పటి ధరకు 90 లక్షలు పలుకుతుంది. సూర్యాపేట వైపు నా పేరున మూడెకరాలు, కౌలుకిచ్చాం.

కన్సల్టెన్సీ వాళ్ల మాట: అమెరికాలోని కోర్నెల్ యూనివర్సిటీకి ఈడీ (ఎర్లీ డెసిషన్) పెట్టండి, ఆర్థిక సాయం అడగొద్దు, అడగకపోతే చాన్స్ పెరుగుతుంది, చేరాక రెండో ఏడాది అడగొచ్చు. నా ప్రశ్నలు ఇవి. ఈ సలహా సరైనదేనా? కాకపోతే ఈడీకి ఏ కాలేజీ? మా ప్రిన్సిపాల్ గారికి ఈడీ అంటే ఏంటో తెలియదు, ఆయన సంతకం తప్పదంటున్నారు, ఎలా? జేఈఈ మానేయాలా?

కేపీహెచ్‌బీ సీఏ:

అన్నా, మొదటి ప్రశ్న తేలితే గానీ మిగతావి తేలవు. మీ ఇంటి లెక్కకు, సాయం గడి టిక్ చేయకుండా ఈడీ పెట్టడం అన్నిటికంటే ప్రమాదకరమైన దారి.

ఈడీ అంటే సంతకం పెట్టి ఇచ్చిన మాట. సీటిస్తే చేరతాం, మిగతా అప్లికేషన్లన్నీ వెనక్కి తీసుకుంటాం అని. ఆ మాట నుంచి మర్యాదగా బయటపడే దారి ఒక్కటే ఉంది: మీరిచ్చిన సాయం మా కుటుంబానికి చాలదు అని కాగితాలతో చూపించడం. అసలు సాయమే అడగని ఇంటికి ఆ తలుపు మూసుకుపోయినట్టే. డిసెంబరులో సీటొస్తుంది, జనవరిలో డిపాజిట్ కట్టమంటారు, అప్పుడు డబ్బు లేదంటే మీ దగ్గర చూపడానికి ఏమీ ఉండదు.

చేరాక అడగొచ్చన్నది ఇంకా పెద్ద పొరపాటు. అమెరికా పౌరులైన పిల్లలు ఏటా కొత్తగా అడగొచ్చు. విదేశీ విద్యార్థుల విషయంలో చాలా ప్రైవేటు కాలేజీల నియమం వేరు: అడ్మిషన్ అప్పుడు అడగనివాళ్లకు నాలుగేళ్లూ అర్హత ఉండదు. డ్యూక్ ఈ నియమాన్ని విడిగా రాసి మరీ చెబుతుంది. ఏ కాలేజీ అయినా, దాని ఫైనాన్షియల్ ఎయిడ్ పేజీలో ఇంటర్నేషనల్ విభాగం తెరిచి ఈ ఒక్క వాక్యం వెతకండి. కన్సల్టెన్సీ మాట మీద వదిలేయొద్దు.

ఇప్పుడు అంకెలు. ఈ స్థాయి ప్రైవేటు కాలేజీల్లో ఫీజు, హాస్టల్, తిండి, పుస్తకాలు కలిపి ఏడాదికి 90,000 డాలర్ల చుట్టూ ఉంటుంది. డాలరు 88 రూపాయలనుకుంటే 79 లక్షలు. ఏటా ఫీజు 4 శాతం, డాలరు 3 శాతం పెరుగుతాయనుకుని వేస్తే నాలుగేళ్లకు దాదాపు 3 కోట్ల 50 లక్షలు. మీ వైపు జీతంలోంచి 60, ఎఫ్‌డీలు, పొదుపు 25, మొత్తం 85 లక్షలు. ప్లాటు అమ్మినా 1 కోటి 75 లక్షలు. అంటే భూమి పోగొట్టుకున్నా సగమే. మిగతా సగం అప్పు చేస్తే నెలసరి వాయిదాలు మీ ఇద్దరి జీతాలనూ మింగేస్తాయి.

ప్లాటు ముట్టకుండా మీరు ఇవ్వగలిగింది ఏటా 21 లక్షలు. 79లోంచి తీసేస్తే 58 లక్షలు, అంటే సుమారు 66,000 డాలర్లు. కాలేజీ ఎంపికకు మీ అసలు అంకె ఇదే. ఏటా 66,000 డాలర్లు ఇవ్వగలిగే, ఇచ్చే అలవాటున్న కాలేజీకే ఈడీ. మిగతావన్నీ, పేరు ఎంత పెద్దదైనా, రెగ్యులర్‌లో, అంటే కట్టుబాటు లేని మామూలు గడువులో పెట్టుకోండి.

ఒక్క మాట కోర్నెల్ గురించి. అక్కడ టాటా ట్రస్టుల విరాళంతో భారత విద్యార్థులకే ప్రత్యేకంగా టాటా స్కాలర్‌షిప్ ఉంది, ఏ సమయంలోనైనా సుమారు 20 మంది దాని మీద చదువుతుంటారు. దానికి వేరే అప్లికేషన్ లేదు, సాయం అడిగిన భారతీయుల్లోంచే తీస్తారు. గడి టిక్ చేయకపోతే పాప ఆ లెక్కలోకే రాదు. మన పిల్లల కోసమే పెట్టిన డబ్బును వదులుకోమని ఎందుకు చెప్పారో నాకు అర్థం కావడం లేదు.

తార్నాక టీచర్:

సీఏ గారు చెప్పిన 66,000 పట్టుకుని కాలేజీలను జల్లెడ పడదాం. విదేశీ విద్యార్థుల విషయంలో కాలేజీలు మూడు రకాలు.

సాయం అడిగారా లేదా అన్నది చూడకుండా సీటు నిర్ణయించి, తర్వాత అవసరమైనంతా ఇచ్చేవి కొన్నే. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్ చాలాకాలంగా ఉన్నాయి. 2022లో డార్ట్‌మౌత్, బోడిన్ చేరాయి. బ్రౌన్ 2025లో చేరిన బ్యాచ్ నుంచి అదే పద్ధతికి వచ్చింది. వీటిని నీడ్-బ్లైండ్ అంటారు. వీటిలో ఈడీ ఉన్నవి ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మౌత్, బోడిన్, బ్రౌన్.

రెండో రకం, సాయం అడిగిన సంగతి సీటు నిర్ణయంలో చూస్తాయి గానీ సీటిచ్చాక పూర్తి అవసరం తీరుస్తాయి. కోర్నెల్, కొలంబియా, పెన్, డ్యూక్, నార్త్‌వెస్టర్న్, స్వార్త్‌మోర్, విలియమ్స్, గ్రిన్నెల్ ఈ కోవలోవి.

మూడో రకం, విదేశీయులకు అవసరాన్ని బట్టి సాయం ఇవ్వనివి. కార్నెగీ మెలన్ ఈ వరసలోనే ఉంది, హైదరాబాద్‌లో సగం మంది కంప్యూటర్ సైన్స్ పిల్లల జాబితాలో మొదటి పేరు అదే కాబట్టి విడిగా చెబుతున్నా. ఏటా 79 లక్షలు చేతిలో ఉన్న ఇంటికి అక్కడ ఈడీ మంచి ఎత్తు, మీకు కాదు. పర్డ్యూ, ఇల్లినాయ్, జార్జియా టెక్ లాంటి ప్రభుత్వ యూనివర్సిటీల్లోనూ ఈ రకం సాయం ఆశించొద్దు.

మొదటి రెండు రకాల్లో ఏది అన్నది కామన్ డేటా సెట్ చూసి తేల్చాలి. ప్రతి కాలేజీ ఏటా ఒకే నమూనాలో బయటపెట్టే పత్రం అది. కాలేజీ పేరు, కామన్ డేటా సెట్ అని గూగుల్‌లో కొడితే పీడీఎఫ్ వస్తుంది. మీకు కావలసినవి మూడే చోట్లు.

బీ2 పట్టికలో నాన్‌రెసిడెంట్స్ అన్న వరస ఉంటుంది. విదేశీ విద్యార్థులు మొత్తం ఎంతమందో అక్కడ తెలుస్తుంది. హెచ్6లో అలాంటివాళ్లలో ఎంతమందికి కాలేజీ సాయం ఇచ్చింది, సగటున ఎన్ని డాలర్లు, మొత్తం ఎంత అని మూడు అంకెలు ఉంటాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టండి. ఉదాహరణకు 200 మంది విదేశీయుల్లో 120 మందికి సాయం, సగటు 70,000 డాలర్లు అని ఉంటే, మీ 66,000 అక్కడ వింత కాదు. అదే 1,500 మందిలో 150 మందికి, సగటు 30,000 అని ఉంటే, ఆ కాలేజీ పదిమందిలో ఒకరికే, అదీ కొంచెమే ఇస్తోంది. అక్కడ మీరు అడిగితే ఫైలు పక్కకు పోయే అవకాశం ఎక్కువ. చాలామంది సగటు ఒక్కటే చూసి మోసపోతారు. సగటు 75,000 ఉండి, తీసుకున్నవాళ్లు 25 మందే అయితే అది నాలుగు బ్యాచ్‌లకు కలిపి అని గుర్తుపెట్టుకోండి, ఏడాదికి ఆరేడుగురు.

మూడోది సీ21. ఈడీకి ఎంతమంది పెట్టారు, ఎంతమందికి ఇచ్చారు. దీన్ని చూసి ఈడీలో శాతం రెండు మూడు రెట్లు అని సంబరపడకండి. ఆ సీట్లలో కాలేజీ జట్టుకు ముందే ఎంచుకున్న ఆటగాళ్లు, పూర్వ విద్యార్థుల పిల్లలు ఉంటారు. చిన్న కాలేజీల్లో ఆటగాళ్ల వాటా చాలా పెద్దది. నాగోల్ నుంచి పెట్టే పిల్లకు ఆ పెరుగుదల పూర్తిగా అందదు, కొంత అందుతుంది. ఈడీకి నిజమైన లాభం, ముఖ్యంగా రెండో రకం కాలేజీల్లో, ఇంకోటి: విదేశీయులకు కేటాయించిన సాయం డబ్బు అప్పటికి ఇంకా ఖర్చయిపోయి ఉండదు.

నా ఓటు డార్ట్‌మౌత్ లేదా బోడిన్. డార్ట్‌మౌత్‌లో బ్యాచ్‌కు సుమారు 1,200 మంది, సొంత ఇంజనీరింగ్ స్కూలు ఉంది, 1964లో బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టింది అక్కడే. పది వారాల టర్ములు కాబట్టి వేగం ఎక్కువ. బోడిన్ సుమారు 500 మంది బ్యాచ్. ఇంజనీరింగ్ డిగ్రీ లేదు, కంప్యూటర్ సైన్స్, ఎకనామిక్స్ రెండూ మేజర్లుగా తీసుకోవచ్చు. బోడిన్ 1969 నుంచి టెస్టు స్కోరు తప్పనిసరి అనడం లేదు. డార్ట్‌మౌత్, బ్రౌన్, కోర్నెల్ మళ్లీ అడుగుతున్నాయి, మీ పాపకు 1520 ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఇంట్లో బోడిన్ పేరు ఎవరూ వినలేదని కొట్టేయకండి. బంధువులకు తెలియని పేరు అన్నది కాలేజీ లోపం కాదు.

సైనిక్‌పురి అక్క:

టీచర్ గారితో ఒక చోట విభేదిస్తున్నా. ఈ ఇంటికి ఈడీ తప్పనిసరి అని ఎందుకు అనుకోవాలి? యేల్, ప్రిన్స్‌టన్, హార్వర్డ్ ఎర్లీలో కట్టుబాటు లేదు. సీటిచ్చినా మే 1 దాకా ఆలోచించుకోవచ్చు, సాయం పూర్తిగా ఇస్తాయి. వాటిలో ఒకదానికి పెడితే మిగతా ప్రైవేటు కాలేజీలకు ఎర్లీ పెట్టకూడదు, ప్రభుత్వ యూనివర్సిటీల ఎర్లీ యాక్షన్‌కు (ముందే పెట్టే, కట్టుబాటు లేని అప్లికేషన్), విదేశీ యూనివర్సిటీలకు పెట్టుకోవచ్చు. డిసెంబరు మధ్యలో ఫలితం రాగానే ఆ ఆంక్ష పోతుంది, జనవరిలో ఈడీ 2 కి, అంటే రెండో విడత ఎర్లీ డెసిషన్‌కు వెళ్లొచ్చు. నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి చూసుకునే హక్కును నవంబరులోనే వదిలేయడం మధ్యతరగతి ఇంటికి పెద్ద ధర.

తార్నాక టీచర్:

అక్కా, ఆఫర్లు పోల్చుకునే హక్కు విలువైనదే, కానీ ఆఫర్లు వచ్చినప్పుడే. ఆ మూడు కాలేజీల్లో ఎర్లీ అన్నది ప్రపంచం మొత్తం నుంచి ఒలింపియాడ్ పతకాలతో వచ్చే పిల్లల క్యూ. ఒలింపియాడ్, పరిశోధన స్థాయి పని ఉంటే మీ మాటే సరి. మంచి మార్కులు, మంచి శాట్, నిలకడైన పని ఉన్న పిల్లకు ఆ ఒక్క ఎర్లీ అవకాశాన్ని అక్కడ ఖర్చు చేయొద్దంటాను. పూర్తి అవసరం తీర్చే కాలేజీలో పోల్చుకోవడం వల్ల వచ్చే తేడా కూడా మరీ పెద్దగా ఉండదు. మెరిట్ స్కాలర్‌షిప్‌ల వేటలో ఉన్నవాళ్లకు మాత్రం మీ మాట నూటికి నూరు, వాళ్లు ఈడీ జోలికి పోకూడదు.

నాగోల్ నాన్న:

ఇద్దరికీ ధన్యవాదాలు. మాకు ఒలింపియాడ్ లేదు. సాయం అడుగుతాం, అది తేలిపోయింది. మరి పొలం, ప్లాటు ఉన్నాయి కదా, అవి చూపిస్తే మీకు సాయం ఎందుకు అంటారేమో? పొలం ఆదాయం ఐటీఆర్‌లో పన్నుకు రాదు, వదిలేయొచ్చా?

కేపీహెచ్‌బీ సీఏ:

వదిలేయొద్దు. ఏది దాచినా తర్వాత బయటపడితే సీటే రద్దవుతుంది. పైగా దాచాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకో చూడండి.

చాలా కాలేజీలు సీఎస్ఎస్ ప్రొఫైల్ అనే ఫారం అడుగుతాయి. అక్టోబరు 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. ఈడీకి సాయం కాగితాల గడువు నవంబరు మొదటి పక్షంలోనే పడుతుంది. అడ్మిషన్ గడువు వేరు, సాయం గడువు వేరు. రెండూ క్యాలెండర్ మీద రాసి గోడకు పెట్టండి. అప్లికేషన్ నవంబరు 1కి పంపి సీఎస్ఎస్ మర్చిపోయిన ఇంటికి డిసెంబరులో సీటు ఉత్తరం సాయం లేకుండా వస్తుంది.

ఆ ఫారం రూపాయల్లోనే నింపొచ్చు, మీరు డాలర్లలోకి మార్చొద్దు. చాలా తప్పులు ఇక్కడే: కరెన్సీ డాలర్ అని ఉంచేసి 32,00,000 అని కొడితే మీరు 32 లక్షల డాలర్ల జీతగాళ్లయిపోతారు. పంపే ముందు సారాంశం పేజీలో కరెన్సీ పేరు రెండుసార్లు చూడండి.

మన ఐటీఆర్ ఏప్రిల్ నుంచి మార్చి, వాళ్లడిగేది జనవరి నుంచి డిసెంబరు. దానికి బాగా దగ్గరగా ఉన్న ఆర్థిక సంవత్సరం తీసుకుని, ఏది తీసుకున్నారో చివర్లో వివరణ గడిలో ఒక వాక్యం రాయండి. ఫారం 16, ఐటీఆర్, బ్యాంకు స్టేట్‌మెంటు మూడూ అదే ఏడాదివి కావాలి. ఒకటి ఒక ఏడాదిది, ఇంకోటి వేరే ఏడాదిది అయితే మళ్లీ అడుగుతారు, ఆ ఉత్తర ప్రత్యుత్తరాల్లో పది రోజులు పోతాయి.

కౌలు, పంట డబ్బు ఐటీఆర్‌లో ఎగ్జెంప్ట్ ఇన్‌కమ్ షెడ్యూల్‌లో ఉండాలి. సీఎస్ఎస్‌లో పన్ను లేని ఆదాయానికి వేరే గడి ఉంది, అక్కడ వేయండి. రైతు భరోసా వస్తుంటే ఎకరాకు ఏటా 12,000 చొప్పున అదీ అక్కడే. పొలాన్ని, ప్లాటును ఇతర స్థిరాస్తి కింద చూపాలి. రిజిస్ట్రేషన్ విలువ కాదు, ఈ రోజు అమ్మితే వచ్చే ధర. పట్టాదారు పాసుపుస్తకం అడిగితే ఇంగ్లిష్ అనువాదం జత చేయండి. పొలం అమ్మడానికి వీల్లేని కారణం ఏదైనా ఉంటే, అన్నదమ్ముల పంపకం కాలేదు, అమ్మ బతుకుదెరువు దాని మీదే ఉంది లాంటిది, వివరణ గడిలో రాయండి. వాళ్లకు మన ఊళ్ల భూమి సంగతి తెలియదు, చెబితే వింటారు.

ఇప్పుడు భయం ఎందుకు అక్కర్లేదో. సీఎస్ఎస్ పద్ధతిలో ఆస్తి మొత్తాన్ని ఫీజుకు కట్టమనరు. తల్లిదండ్రుల ఆస్తి మీద ఏటా సుమారు 3 నుంచి 5 శాతం లెక్కలోకి తీసుకుంటారు. 5 శాతమే అనుకున్నా 90 లక్షల ప్లాటు మీద ఏడాదికి నాలుగున్నర లక్షలు. పిల్లల పేరున ఉన్న డబ్బు మీద మాత్రం చాలా ఎక్కువ, సుమారు 25 శాతం. మీ సుకన్య 6 లక్షల మీద లక్షన్నర. విదేశీ కుటుంబాలకు ఏ కాలేజీ అయినా ఈ లెక్కను తన పద్ధతిలో సవరించుకుంటుంది, కాబట్టి ఇది అంచనా మాత్రమే, మీ 21 లక్షలు కాస్తా 24, 25 అయ్యే అవకాశానికి సిద్ధపడి ఉండండి. ఆ 25 దాటితే ప్లాటు ముట్టుకుంటారా లేదా అన్నది భార్యాభర్తలు ఇప్పుడే కూర్చుని తేల్చుకోండి. డిసెంబరులో ఉత్తరం చేతిలో పెట్టుకుని మొదలుపెట్టే చర్చ కాదది.

పీఎఫ్‌ను పొదుపు గడిలో కలపొద్దు, రిటైర్మెంట్ నిధికి విడిగా చోటుంది. చిట్టీలుంటే, ఇంకా ఎత్తని చిట్టీకి ఇప్పటిదాకా కట్టింది పొదుపు, ఎత్తేసిన చిట్టీకి కట్టాల్సింది బాకీ. రెండూ వివరణలో రాయండి, చిట్టీ అంటే ఏంటో ఒక ముక్కలో చెప్పి మరీ.

డబ్బు పంపేటప్పటి సంగతి కూడా. ఒక్కో మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపొచ్చు. సొంత డబ్బు పది లక్షలు దాటితే దాటిన దాని మీద టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, ఐటీఆర్‌లో సర్దుబాటవుతుంది. గుర్తింపున్న సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణం అయితే టీసీఎస్ లేదు. ఇద్దరి పేర్ల మీద ఖాతాలుంటే సగం సగం పంపండి.

మల్కాజిగిరి లెక్చరర్:

ప్రిన్సిపాల్ సంతకం గురించి. జూనియర్ కాలేజీ పిల్లల అప్లికేషన్లు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే.

కామన్ యాప్‌లో, అంటే చాలా కాలేజీలకు ఒకేచోట అప్లికేషన్ పెట్టే వెబ్‌సైట్‌లో, కౌన్సెలర్ అనే మనిషి ఉండాలి. మన కాలేజీల్లో ఆ ఉద్యోగమే ఉండదు కాబట్టి ప్రిన్సిపాల్ లేదా వైస్ ప్రిన్సిపాల్ ఆ పాత్ర చేయాలి. వాళ్లు చేసేవి: స్కూల్ రిపోర్టు, మార్కుల పత్రాలు, కాలేజీ గురించి ఒకటి రెండు పేజీల పరిచయం, సిఫార్సు లేఖ, ఈడీ ఒప్పందం మీద సంతకం. ఒప్పందం మీద మూడు సంతకాలు: పాపది, తల్లి లేదా తండ్రిది, కౌన్సెలర్‌ది. మూడూ ఆన్‌లైన్‌లోనే.

వరస తప్పకండి. ముందు పాప తన ఖాతాలో ఫెర్పా అనే అనుమతి పత్రం పూర్తి చేయాలి, అది లేకుండా ఎవరినీ ఆహ్వానించలేరు. సిఫార్సు లేఖలు చూసే హక్కు వదులుకుంటున్నాను అని పెట్టడమే ఆనవాయితీ, ఆహ్వానాలు పంపాక అది మారదు. తర్వాత కాలేజీని జాబితాలో చేర్చి, ఆ కాలేజీ ప్రశ్నల్లో ఎర్లీ డెసిషన్ అని ఎంచుకోవాలి. అప్పుడే ఒప్పందం పత్రం కనిపిస్తుంది. రెగ్యులర్ అని ఉంచి, ఒప్పందం కనబడటం లేదని వెతుక్కునేవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

ప్రిన్సిపాల్ గారి ఈమెయిల్ కాలేజీ డొమైన్‌ది అయితే మంచిది. లేకపోతే జీమెయిల్‌తో పంపి, స్కూల్ రిపోర్టులో కాలేజీ లెటర్‌హెడ్, ఫోన్ నంబరు స్పష్టంగా పెట్టించండి. ఆహ్వానం మెయిల్ స్పామ్‌లోకి పోతుంది, ఎదురుగా కూర్చుని తెరిపించండి. ఆయన పాస్‌వర్డ్ మీరు పెట్టి మీరే నింపేయడం మాత్రం వద్దు, ఎంత అలవాటైన దారి అయినా సరే. లేఖ ఒకే కంప్యూటర్ నుంచి, ఒకే భాషలో వచ్చిందని పట్టుబడితే పాప నిజాయితీ మీదికి వస్తుంది.

కాలేజీ పరిచయంలో రాయాల్సినవి: తెలంగాణ ఇంటర్ బోర్డు, ఎంపీసీ మొదటి ఏడాది మొత్తం 470, సబ్జెక్టువారీగా ఎంతకు ఎంత, పాస్ మార్కు ఎంత, కాలేజీలో ఎంతమంది పిల్లలు, గత ఏడాది సగటు ఎంత. ఇది రాయకపోతే 458 అంటే ఎంత గొప్పో అక్కడ అప్లికేషన్ చదివేవాళ్లకు అర్థం కాదు. 9, 10 తరగతుల మార్కులు పాత స్కూలు నుంచి తేవాలి. 9వ తరగతి ప్రోగ్రెస్ కార్డు చాలా ఇళ్లలో దొరకదు, పాత స్కూలు రికార్డు వెతకడానికి వారం పడుతుంది, ఈ వారమే వెళ్లండి. సెకండియర్‌కు బోర్డు మార్కులుండవు కాబట్టి క్వార్టర్లీ పరీక్షల మార్కులు కాలేజీ ముద్రతో పెట్టాలి. కాలేజీ ర్యాంకులు ఇవ్వకపోతే, మేము ర్యాంకులు ఇవ్వం అని రాస్తే చాలు, ఊహించి వేయొద్దు.

దసరా సెలవులు దృష్టిలో పెట్టుకోండి. ప్రిన్సిపాల్ పని మొత్తం సెలవుల ముందే పూర్తవ్వాలి. గడువు మన స్థానిక సమయం ప్రకారం రాత్రి 11:59 అయినా, అక్టోబరు 25 మీ గడువు అనుకోండి. ఇద్దరు లెక్చరర్ల లేఖల్లో ఒకటి మ్యాథ్స్ లేదా ఫిజిక్స్, ఇంకోటి ఇంగ్లిష్ వాళ్లది అయితే బాగుంటుంది. వాళ్లకు పాప చేసిన పనుల పేజీ ఒకటి ఇవ్వండి, లేకపోతే చాలా మంచి విద్యార్థిని అన్న నాలుగు వాక్యాలే వస్తాయి.

సైనిక్‌పురి అక్క:

జేఈఈ మానొద్దు. ఈడీ ఒప్పందం వెనక్కి తీసుకోమనేది ఇతర కాలేజీల అప్లికేషన్లనే, పరీక్షలను కాదు. ఎఫ్-1 వీసా నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో చేతికొచ్చేదాకా ఏదీ ఖాయం కాదు కాబట్టి ఎప్‌సెట్ కూడా రాయించండి. ఇంటర్ ఫైనల్ మార్కులు ఎలాగూ తప్పవు, సీటిచ్చాక బాగా పడిపోతే వెనక్కి తీసుకునే హక్కు వాళ్లకుంది.

టైము మాత్రం గట్టిగా పంచుకోవాలి. జేఈఈ మెయిన్ జనవరి రిజిస్ట్రేషన్ సాధారణంగా నవంబరు ప్రాంతంలోనే, అంటే ఈడీ గడువు పక్కనే. డిసెంబరు మధ్యలో ఈడీ ఫలితం. రాకపోతే ఈడీ 2 గడువు జనవరి మొదటి రెండు వారాల్లో, ఫలితం ఫిబ్రవరి మధ్యలో. అప్పుడు ఇంటర్ ప్రాక్టికల్స్, జేఈఈ, కొత్త వ్యాసాలు ఒకేసారి మీద పడతాయి. ఈడీ 2 కాలేజీ వ్యాసాలు అక్టోబరులోనే రాసి పెట్టుకోండి. బోడిన్, స్వార్త్‌మోర్, గ్రిన్నెల్‌లో ఈడీ 2 ఉంది. డార్ట్‌మౌత్, బ్రౌన్, కోర్నెల్‌లో లేదు. అందుకే నేనైతే డార్ట్‌మౌత్ ఈడీ 1, బోడిన్ ఈడీ 2 అనే వరస చెబుతాను. తిరగేస్తే రెండో అవకాశం పోతుంది. ఈడీ 1లో డిఫర్ చేసినా, అంటే నిర్ణయాన్ని రెగ్యులర్‌కు వాయిదా వేసినా, కట్టుబాటు పోయినట్టే, ఈడీ 2 పెట్టొచ్చు.

నాగోల్ నాన్న:

అక్కా, ఆ వరస బాగా నచ్చింది, పాపకూ చూపించాను. చివరి ప్రశ్న. డిసెంబరులో సీటొచ్చి, వాళ్లు మమ్మల్ని ఏటా 36 లక్షలు కట్టమన్నారనుకోండి. అప్పుడేం చేయాలి?

కేపీహెచ్‌బీ సీఏ:

డిపాజిట్ కట్టొద్దు, తిరస్కరించొద్దు, ఆ రోజే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసుకు పాప ఈమెయిల్ నుంచి పునఃపరిశీలన కోరండి. రెండు పేరాలు చాలు. మొదటి దాంట్లో మీరు కట్టగలిగిన అంకె, నెల ఖర్చుల పట్టిక: ఈఎంఐ, పీఎఫ్, పన్ను, ఇంటి ఖర్చు, అమ్మ మందులు. రెండో దాంట్లో వాళ్లు ఏ ఆస్తిని ఎలా లెక్కేసి ఉంటారో అడగండి. తరచుగా జరిగేవి రెండు: పొలం మీద వచ్చే ఆదాయాన్ని, పొలం విలువను రెండుసార్లు లెక్కేయడం, ఇంటి లోన్ బాకీని ఆస్తిలోంచి తీసేయకపోవడం. రుజువులు జత చేయండి. డిపాజిట్ గడువు పొడిగించమని అదే ఉత్తరంలో అడగండి.

సవరించాక మీరు ముందే అనుకున్న 25 లోపు వస్తే చేరండి. రాకపోతే, సాయం చాలనందువల్ల ఒప్పందం నుంచి విడుదల కోరుతున్నాం అని రాతపూర్వకంగా అడిగి, ప్రిన్సిపాల్ గారికి కాపీ పెట్టండి. దీన్ని బేరం ఆడటానికి వాడొద్దు. నిజంగా వెళ్లలేకపోతేనే. ఆ కాలేజీకి తర్వాతి ఏడాది మీ జూనియర్ కాలేజీ నుంచి ఇంకో పిల్ల పెట్టుకోవచ్చు.

ఇదంతా తేలడానికి రెండు వారాలు పట్టొచ్చు, మధ్యలో క్రిస్మస్ సెలవులు. అందుకే జనవరి గడువులున్న రెగ్యులర్ అప్లికేషన్లు, బోడిన్ ఈడీ 2 వ్యాసాలతో సహా, అప్పటికి సిద్ధంగా ఉండాలి. విడుదల ఉత్తరం చేతికి వచ్చాకే ఈడీ 2 బటన్ నొక్కండి, ఒకేసారి రెండు ఈడీ ఒప్పందాలు నడవకూడదు.